ఎర్ర పెట్టెలోని కణాలు

మా వదినకు ఇంట్లో ఒక్కతే కూతురు. ప్రయోగశాలలో మాత్రం లెక్కలేనంత మంది పిల్లలు. గాజు పళ్ళాల్లో తాను పెంచే మనిషి చర్మకణాలను ఆవిడ అలాగే అంటుంది. సెలవురోజు కూడా వాటి ఆకలి తీర్చడానికి పరుగెడుతుంది. ఇంట్లో మా అన్నయ్య, నేను చల్లారిన భోజనం వడ్డించుకుని తింటాం.

అన్నయ్య సెల్‌ఫోన్ టవర్లెక్కి యాంటెన్నాలు బాగుచేస్తాడు. ఆ పనంటే ప్రాణం. సరిగ్గా దానికే ఎసరు పెట్టింది వదిన చేసే కొత్త ప్రయోగం.

ఫోన్ తరంగాలు సోకితే కణాల్లోని జన్యువుల పనితీరు మారుతుందా అని చూస్తున్నారు. దానికి రెండు పెట్టెలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. తరంగాలు ఒకదాంట్లోనే వస్తాయి, రెండోది ఉత్తుత్తిది. ఏది ఏదో వాటిని అమర్చిన ఇంజనీరుకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. తెలిస్తే చూసేవాళ్ళ మనసు ఒకవైపు మొగ్గుతుందట.

తెలియకపోయినా మొగ్గుతుందని మా వదినను చూస్తే అర్థమైంది. కణానికి కష్టం వస్తే మేలుకునే జన్యువులు ఎర్ర పెట్టెలో తెగ చురుకయ్యాయి. నీలం పెట్టెలో మామూలుగానే ఉన్నాయి. ఇంకేముంది, తరంగాలు ఎర్రదాంట్లోనే అని తేల్చేసి ఇంటికొచ్చి పడింది.

"రేపట్నుంచి టవరెక్కొద్దు" అంది అన్నయ్యతో.

"మేం ఎక్కేముందు సిగ్నల్ ఆపేస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అన్నీ ఆపరుగా. పక్క కంపెనీవాళ్ళది నడుస్తూనే ఉంటుంది. మీరే చెప్పారు."

అన్నయ్య నవ్వేశాడు. ఆయన నవ్విన కొద్దీ వదిన పట్టు బిగిసింది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మధ్యలో రాయబారం నాది, ఇద్దరి చీవాట్లూ నాకే. చివరికి అన్నయ్య ఆఫీసులో బల్ల ముందు పని కావాలని అడిగాడు, వాళ్ళు సరేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన కుర్చీకి అతుక్కునే మనిషి కాదు.

ఆ బదిలీ కాగితం చేతికొచ్చేలోపే ఇంజనీరు గుట్టు విప్పాడు. వదిన సాయంత్రం కాకముందే ఇల్లు చేరి, చెప్పులతోనే వంటింట్లో ఉన్న నా దగ్గరికి వచ్చేసింది.

"ఎర్రదే ఉత్తుత్తిదట."

"అంటే?"

"తరంగాలు నీలందాంట్లో. అందులో పిల్లలు హాయిగా ఉన్నారు. ఎర్రదాంట్లో ఫ్యాను ఆగిపోయిందమ్మా. ఉక్కపోతకి అల్లాడారు, అంతే."

కళ్ళన్నీ జన్యువుల మీదే ఉంటే ఫ్యాను సంగతి ఎవరికి పడుతుంది. వాళ్ళ ప్రయోగశాల పెద్ద మేడమ్ మాత్రం, "ఫ్యాను బాగుచేసి మొత్తం మళ్ళీ చేద్దాం, అప్పటిదాకా ఎవరూ ఏదీ తేల్చేయకండి" అందట. ఆ మాట మా ఇద్దరి చెవులకూ ఎక్కలేదు. గుండెల మీంచి బండ దిగిపోయింది. వదిన నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అన్నయ్య రాగానే చెప్పింది. ఇక వదినను ఆటపట్టిస్తాడనుకున్నాను. ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"నిజంగానే?" అన్నాడు. చెప్పులు విప్పుకుంటూ, "పైకెక్కిన ప్రతిసారీ నాకదే గుబులు. పాప పుట్టిన దగ్గర్నుంచీ. నీకు తెలిస్తే ఎక్కనివ్వవని నవ్వేసేవాణ్ణి" అన్నాడు.

వదిన వెళ్ళి ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఒక్కరే భయపడ్డారా?"

అన్నయ్య తలూపాడు.