రేకు బోర్డు మీది మీసాల బ్రాకెట్లు

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్లు ఫ్లవర్ బ్రాకెట్టును షరతు ఉన్న వరుస చివరే తెరవాలా, కింద విడిగా పెట్టాలా అని వాదించుకుంటుంటే నాకు చిట్యాల అవతలి కాలువ పని గుర్తుకొస్తుంది. అరవైల మొదట్లో అక్కడ బండ పేల్చే చోట నేను సూపర్‌వైజర్‌ను. తూటా పేలకుండా మిగిలితే ఏం చేయాలో రేకు బోర్డు మీద నేనే రాయించాను. “పేలకపోతే” అన్నది ఒక వరుస. దాని కింద మీసంలా మెలితిరిగిన తెరిచే బ్రాకెట్టు ఒక్కటే. లోపల రెండు పనులు: అరగంట ఆగాలి, మేస్త్రీ ఒక్కడే దిగి చూడాలి. మూసే బ్రాకెట్టు మళ్లీ విడి వరుసలో, తెరిచినదానికి సరిగ్గా కింద. ఆ తర్వాతే “కూలీలు దిగాలి”.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఓవర్సీర్ నేను సెలవులో ఉండగా దాన్ని తిరిగి రాయించాడు. తెరిచే బ్రాకెట్టు “పేలకపోతే” పక్కకు ఎక్కింది. మూసేది మేస్త్రీ పని చివర ఇరుక్కుంది. అదే వరుసలో, దాన్ని ఆనుకుని “కూలీలు దిగాలి”. కొంచెం దూరం నుంచి చూస్తే మేస్త్రీని, కూలీలను కలిసి దిగమన్నట్టే ఉంది.

“కొత్త సారు బోర్డుకు మీసాలు గొరిగిండు సారూ,” అని మేస్త్రీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పని వెనకబడిందని పైనుంచి ఒత్తిడి ఉన్న రోజులు. అరగంట ఆగడం ఎవరికి భారమో నాకు తెలుసు. రేపు కూలీ ఎవడైనా చస్తే, బోర్డు మీద అంతా రాసే ఉందని చూపించి పైవాళ్లు తప్పించుకోవచ్చు.

“ఎందుకు మార్చారు సార్?” అని ఓవర్సీర్‌నే అడిగాను.

“మూడు వరుసలు మిగిలాయి కదండీ. అక్షరాలు పెద్దవయ్యాయి. బ్రాకెట్టుకో వరుస దండగ కాదూ?”

జవాబు సబబుగానే ఉంది. అందుకే నాకు అనుమానం ఇంకా పెరిగింది.

ఆ వారంలోనే ఒక తూటా పేలలేదు. పని తొందరలో అరగంట ఆగకుండానే మేస్త్రీ కదిలాడు, కూలీలు గంపలు పట్టుకుని అతని వెనకే కదిలారు. నేను అరిచేలోపే ఓవర్సీర్ చేతులు చాపి గుంత అంచున అడ్డం నిలబడ్డాడు.

“ఆగండెహే! ఒక్కరూ కదలొద్దు!”

అరగంట గడవకముందే ఆ తూటా పేలింది. కింద ఎవరూ లేరు.

దుమ్ము అణిగాక, బోర్డును పాత పద్ధతిలో రాయించమని అడిగాను.

“ఇంకా నామీద అనుమానమేనా అండీ?”

“మీమీద కాదు సార్. మీరు బదిలీ అయి పోతరు. బోర్డు ఇక్కడే ఉంటది.”

ఆయన పెయింటర్‌కు కబురు పంపాడు. అతడు వచ్చి, మూసే బ్రాకెట్టు గీసి నిచ్చెన దిగేదాకా నేను అక్కడినుంచి కదలలేదు. ఓవర్సీర్ కూడా కదలలేదు. మాలో ఎవరు ఎవరిని కనిపెట్టుకుని ఉన్నారో చెప్పలేను.