దాచిన వేలు

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో, ఒళ్ళో గ్లోవ్స్ పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో గంటలో రైల్వే మహిళల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్ ఎంపిక. అందులో నెగ్గితే ఉద్యోగం. వాచిన ఎడమ చిటికెన వేలు చున్నీ కింద దాచుకున్నాను.

ఎదురుగా కూర్చున్న ఆవిడ ఉన్నట్టుండి చేతిలో ఉన్న నారింజపండు నా మీదికి విసిరింది. కుడిచేత్తోనే పట్టుకున్నాను.

"అచ్ఛా! ఆ రెండో సేతికి ఏటయింది?"

చున్నీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాను. "ఎవరికీ చెప్పకక్కా."

"నాను సెప్పక్కర్లేదే. నువ్వు దాసిన వైపే కొడతారు."

ఒకప్పుడు తనూ గోల్ కాసినట్టుంది, ఆవిడ వేళ్ళు రెండు వంకరపోయి ఉన్నాయి. చేతిరుమాలు చింపి, నా చిటికెన వేలిని పక్కవేలితో కలిపి బిగించి కట్టింది.

మైదానంలో మొదటి బంతి ఎడమవైపే వచ్చింది. అప్పటికే నేను అటు దూకేశాను.