పొట్టిదైపోయిన గొలుసు

డెబ్బైల చివర్లో నేను పుంగనూరు వైపు కొత్తగా చేరిన సర్వేయర్ని. ఆఫీసు పేరు మాత్రం అడక్కండి. దాని పెరట్లో సరిగ్గా ఒక గొలుసు దూరంలో రెండు కొలతరాళ్లు పాతి ఉండేవి. భూములు కొలిచే గొలుసును నెలనెలా వాటి మధ్య పరిచి సరిచూడాలి.

మొదటి నెలలోనే నా గొలుసు నాలుగు వేళ్లు పొట్టిదని తేలింది.

"రింగులు యాడ అమ్ముకున్నావప్పా?" అని మా ఇన్‌స్పెక్టర్ అందరి ముందూ అరిచాడు.

ఉద్యోగం పోతుందేమోనని సరిపడా రింగులు తగిలించి మళ్లీ పరిచాను. మళ్లీ రెండు వేళ్లు తక్కువ! ఆయన మెమో రాయడానికి కాగితం తెమ్మన్నాడు.

గొలుసు అవతలి కొస పట్టుకున్న మా ఆఫీసు బంట్రోతు మునెప్ప మెల్లిగా నా దగ్గరికొచ్చి, "గొలుసుకేం కాలేదు సామీ. రాయే నడస్తాండాది, సూడు" అన్నాడు.

చూద్దును కదా, ఆ అవతలి రాయికి ఇన్‌స్పెక్టర్ గారి ఆవు కట్టేసి ఉంది. నా నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు! పచ్చగడ్డి కోసం అది మెడ సాచినప్పుడల్లా రాయి కాస్త అవతలికి ఒరుగుతోంది.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "సార్, మెమో నా పేరున రాస్తారా, ఆవు పేరునా?" అన్నాను.

ఆయన గబగబా వెళ్లి ఆవును విప్పుకున్నాడు.

ఇప్పటికీ ఎవరైనా నన్ను తప్పుపడితే, ముందు వాళ్ల కొలతరాయికి ఏం కట్టి ఉందో చూస్తాను.