తేల్చందే కదలని మాస్టారు

పరిస్థితికి పేరు పెట్టందే ఆ మాస్టారు చిటికెన వేలు కూడా కదపరు. కొంప అంటుకున్నా సరే, అది రాజుకోవడమా, మండడమా అన్నది తేలాకే బకెట్ ఎత్తుతారు. అందుకే సిటీ బస్సుల కంట్రోల్ రూములో అందరూ ఆయన్ని పరిస్థితి మాస్టారు అంటారు. ఎదురుగా అనరు, అంతే.

ఆయన చేసే పరిశోధనా అదే. ఊరినిండా బస్సులు, వాన, జనం, సిగ్నళ్ళు. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. అలాంటి చోట కంగారుపడి చెయ్యి పెట్టేవాడే కొంప ముంచుతాడని ఆయన సిద్ధాంతం. ముందు ఏం జరుగుతోందో తేల్చు, తర్వాతే బటన్ నొక్కు. బంగారంలాంటి సిద్ధాంతమే. దానితో వేగేవాళ్ళ సంగతి వేగేవాళ్ళకే తెలుసు.

ఆయన కింద పనిచేసే లెక్కలమ్మాయికి ఆ భాగ్యం రోజూ దక్కేది. చేరిన కొత్తలో ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కుపోయారు.

"మాస్టారూ, బెల్లు నొక్కండి!"

"ఆగమ్మా. మనం ఇరుక్కున్నామా, ఆగామా? ఆగడం వేరు, ఇరుక్కోవడం వేరు."

"నాకు ఊపిరాడట్లేదండీ!"

"అదిగో, అది మూడోది."

ఈలోగా మెకానిక్ వచ్చి తలుపు తీస్తే, "ఒక్క క్షణం బాబూ, ఇంకా తేలలేదు" అని మళ్ళీ మూయించబోయారు మహానుభావుడు. లెక్కలమ్మాయి ఆయన చంక కిందనుంచి దూరి బయటపడింది.

ఇంట్లోనూ అదే వరస. "గ్యాసు అయిపోయిందండీ" అని భార్య ఫోన్ చేస్తే, "అయిపోయిందా, అయిపోవస్తోందా?" అంటారు. "నా ఓపిక అయిపోయింది" అని ఆవిడ టక్కున పెట్టేస్తుంది. "ఇది కోపం కాదు, విసుగు" అని మాస్టారు తృప్తిగా తలాడిస్తారు.

ఇవన్నీ చూసి లెక్కలమ్మాయికి నవ్వొచ్చేది గానీ, ఎంతోసేపు నిలిచేది కాదు. ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళైన కొన్నాళ్ళకే అతన్ని మధ్యాహ్నం డ్యూటీకి మార్చారు. ఆమె పొద్దున్నే బయల్దేరేటప్పటికి అతను నిద్ర, అతను ఇల్లు చేరేసరికి ఆమె నిద్ర. సెలవులూ కలవవు. మూతపెట్టిన గిన్నె, తడి తువ్వాలు, తన వైపు తిప్పిపెట్టిన ఫ్యాను, ఇవే ఆమెకు మిగిలిన మొగుడు. ఒకే మంచం మీద పడుకునే మనిషి కోసం ఇంతలా అల్లాడిపోతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఓ రోజు బల్లమీద తల వాల్చి ముక్కు చీదుకుంటుంటే మాస్టారు వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, దిగులా, బెంగా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "బెంగే! మా ఆయన మీద. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుని ఎన్నాళ్ళైందో! ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఈ ఉద్యోగం మానేస్తాను, ఏమైనా కానీండి!"

"బెంగ" అని సాలోచనగా అనుకుని మాస్టారు వెళ్ళిపోయారు. అయ్యో అని కూడా అనలేదు. ఈయనది గుండెకాయా, గుండ్రాయా అని తిట్టుకుంది.

మర్నాటి నుంచి కొత్త గొడవ. మధ్యాహ్నం కాగానే మాస్టారు పిలిచారు.

"అమ్మాయీ, కిందికెళ్ళి మన స్టాపులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకురా. నిదానంగా లెక్కపెట్టు, కంగారేం లేదు."

"కెమెరా ఉందిగా మాస్టారూ!"

"కెమెరా చూస్తుందమ్మా. గమనించదు."

ఇంత చదువు చదివి తలకాయలు లెక్కపెట్టడమా అని సణుక్కుంటూ దిగింది. దిగేసరికి ఎదురుగా మొగుడి బస్సు! బస్సులు గుంపుగా వచ్చిపడకుండా ఏదో ఒక స్టాపులో కాసేపు నిలపడం మామూలే. ఆ నిలపడం ఇవాళ్టి నుంచి ఈ స్టాపుకి మార్చారట. కిటికీలోంచి చెయ్యి చాపి, "చిక్కిపోయావేంటే?" అన్నాడతను. ఆ ఒక్క మాటకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి రోజూ అదే అదృష్టం. తలకాయల లెక్క రోజూ తప్పేది. మాస్టారు ఒక్కనాడూ తప్పుపట్టలేదు.

అంతా బాగుందనుకునేసరికి ఓ తనిఖీ అధికారి ఊడిపడ్డాడు.

"ఈ బస్సుని ఇదివరకు మార్కెట్ దగ్గర నిలిపేవాళ్ళుగా? ఇక్కడెందుకు ఆపుతున్నారు? మళ్ళీ అక్కడికే మార్చండి."

లెక్కలమ్మాయి గబుక్కున తలెత్తింది. ఉన్న ఆ కాసేపూ పోతే ఇంకేం మిగులుతుంది?

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "ఆపడం లేదండీ, నిలుపుతున్నాం. ఆపడం వేరు, నిలపడం వేరు. అదే ఆగడం ఇంకా వేరు. కూర్చోండి, మొదట్నుంచీ చెప్తాను."

చెప్పారు. అధికారి టీ చల్లారింది. రెండో టీ కూడా చల్లారింది. "వాన పడుతుంటే నిలపడం అయిందా, ఇక వాన పడబోతుంటే నిలపడం..." దగ్గరికొచ్చేసరికి అధికారి లేచి దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, మీకెక్కడ కావాలంటే అక్కడ నిలుపుకోండి. నన్ను మాత్రం వదిలెయ్యండి."

అధికారి మెట్లు దిగిపోయాక లెక్కలమ్మాయి మెల్లిగా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, నేను రోజూ తెచ్చే లెక్కలు ఎందులో వాడుతున్నారు?"

"లెక్కలా? ఏ లెక్కలు?" అనేసి ఆయన నాలిక్కరుచుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "అదే, స్టాపు లెక్కలు కదూ! భలే పనికొస్తున్నాయమ్మా."

ఆయన స్క్రీన్ వైపు తిరిగిపోయారు. "ఏ బస్సైనా ఎక్కడో ఒకచోట నిలవాల్సిందేగా. వెళ్ళమ్మా, వచ్చేసింది."

ఆవేళ ఆమె తలకాయల జోలికే పోలేదు. కిటికీ పట్టుకుని మొగుడికి అంతా చెప్పింది. చెప్పి, నవ్వి, మళ్ళీ చెప్పింది. ఇక బయల్దేరమని కంట్రోల్ రూమునుంచి వెలిగించే పచ్చ దీపం అతని ముందు ఎంతకీ వెలగలేదు.

"ఏం డ్రైవరుగారూ, ఇంకా కదలదా?" అని వెనక సీట్లోంచి ఓ పెద్దాయన విసుక్కున్నాడు.

"కాస్త ఓపిక పట్టండి బాబాయిగారూ," అన్నాడతను, ఆమె చెయ్యి వదలకుండా. "ఇది ఏ పరిస్థితో పైన మాస్టారు ఇంకా తేలుస్తున్నారు."