శత్రుసైన్యం జారిన మెట్టు

ఆ పరాయి దేశపు ఎండల ఊరు చూడ్డానికి మనవాళ్లెవరొచ్చినా కోట బాబాయి చేతికి చిక్కాల్సిందే. రిటైరయ్యాక భార్యతో అక్కడే స్థిరపడ్డాడు. గడ్డి టోపీ పెట్టుకుని, చేతికర్రతో అక్కడి పాత కోట గోడల్ని తడుతూ, అదేదో వాళ్ల తాత కట్టించినట్టే చెప్పుకుపోతాడు. "ఈ ఎండకి మా ఆవిడ కీళ్ల నొప్పులు ఎటుపోయాయో!" అంటాడు. ఆవిడేమో అందరి నీళ్ల సీసాలూ మోస్తూ వెనకాల కుంటుకుంటూ వస్తుంటుంది. మొన్నొక కొత్త జంటను తిప్పుతుంటే, అరిగి నున్నబడ్డ కోట మెట్ల మీద ఆవిడ జారి పడింది. పెళ్లికూతురు "అయ్యో పిన్నీ!" అంటూ లేపబోతే బాబాయి కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, ముందిది విను. శత్రుసైన్యం జారిపడిందీ సరిగ్గా ఈ మెట్టు మీదే." కథ అయ్యేదాకా ఆవిడ విరిగిన మణికట్టుని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఈ వారం ఇంకో కుటుంబం వచ్చింది. బాబాయి ఆ మెట్టు దగ్గర ఆగి, "శత్రుసైన్యమూ, మా ఆవిడా పడ్డది ఇక్కడే" అన్నాడు. అందరూ పకపకా నవ్వుతూ ఫొటోలకి ఫోన్లు తీశారు. ఆవిడ సీసాల సంచి కింద పెట్టి, ఎవరూ అడక్కుండానే పిండికట్టు చెయ్యి పైకెత్తి చూపించింది.

"ఎండలోకి పెట్టవే, లేకపోతే ఫొటోలో సరిగ్గా పడదు" అన్నాడు బాబాయి.