దుకాణంలో స్నానం

ముందు చప్పుడు వచ్చింది. ప్లాస్టిక్ బకెట్‌లో స్టీలు చెంబు దొర్లుతున్న చప్పుడు. రాంగోపాల్‌పేట్ సందులో స్కూటర్ల హారన్లను దాటుకుని, మెట్లెక్కి, హరికిషన్ లైట్ల దుకాణంలోకి వచ్చింది. దాని వెనక యేసురాజు గారు. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో పీట, భుజాన తువ్వాలు. ఆయన వెనక, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోడలు షెకీనా.

యేసురాజు గారిది ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా దుకాణంలోనే వాడి చూడనిదే కొనరు. మంచం కొనేటప్పుడు కడుపునిండా తిని వెళ్లి, దాని మీద సాయంత్రం దాకా గురకపెట్టారు. చివరికి దుకాణం వాళ్లే టీ ఇచ్చి లేపారు. ఫ్యాను కొనేటప్పుడు దాని కింద కూర్చుని, పేపరు ఎగిరిపోకుండా సినిమా పేజీతో సహా చదివారు.

"కోడలినొక్కదాన్నే ట్రయల్ లేకుండ తెచ్చుకున్న" అని ఆయన నవ్వినప్పుడల్లా షెకీనా వంటింట్లోకి జారుకునేది. ఆమెలో ఒక లోపం ఉంది మరి. బల్లిని చూస్తే ప్రాణం పోతుంది. పెళ్లిచూపుల్లో వాళ్లమ్మేమో "మా పిల్ల దేనికీ జంకదండీ" అని గొప్పగా చెప్పేసింది. కార్ఖానా బస్తీలోని అద్దె ఇంట్లో బాత్‌రూమ్ ట్యూబ్‌లైట్ వెనక ఒక బల్లి కాపురముంటోంది. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందో షెకీనాకే తెలుసు. ఇప్పుడు యాప్రాల్‌లో సొంత ఇల్లు సిద్ధమైంది. అక్కడి బాత్‌రూమ్‌లోనూ వెనక సందున్న లైటే బిగిస్తే ఇక జీవితాంతం ఇంతే. నోరు విప్పితే అమ్మ మాట పోతుంది.

"హరికిషన్, అన్ని లైట్లు బంద్ చెయ్. ఒక్కటే వెయ్."

"ఏం జేస్తరు సార్?"

"తానం."

హరికిషన్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది.

"పరేషాన్ కాకు. నీళ్లు లెవ్వు. బట్టలు ఉంటయి."

దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. దుకాణం కళ్లు మూసుకుంది. గోడ మీద ఒక్క లైటు మాత్రం, చీకటిలో ఎవరో పట్టుకున్న పాలగ్లాసులా వెలుగుతోంది. యేసురాజు గారు పీట మీద కూర్చుని ఖాళీ చెంబు నెత్తిన కుమ్మరించుకున్నారు. లేని సబ్బుతో వీపు రుద్దుకున్నారు. కళ్లు మూసుకుని ఏదో కీర్తన కూనిరాగం తీశారు. షాండ్లియర్ కోసం వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే ఆగి, చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. 'యేసయ్యా, నన్ను కూడా ఆర్పేయి' అనుకుంది షెకీనా.

"వెలుతురు మంచిగుంది. పాస్." ఆయన లేచి లైటు వెనక వేలు పెట్టారు. "ఇదేంది, వేలు దూరుతున్నది! ఫెయిల్."

రెండోదీ అంతే. చెంబు, సబ్బు, కీర్తన, వేలు, ఫెయిల్. మూడోదీ అంతే.

హరికిషన్ ఓపిక అయిపోయింది. "లైటును ముందల్నుంచి చూస్తరు గని, వెనక వేలు వెట్టుడేంది సార్?"

"వేలు దూరితే బల్లి దూరుతది. నాకు బల్లులంటే పానం పోతది!"

సందులో వాళ్లకు కూడా వినబడేలా అన్నారు. షెకీనా నివ్వెరపోయింది. ఈయనకూ అదే జబ్బా!

"గింత పెద్ద మీసం పెట్టుకొని బల్లికి డర్తరా సార్?"

"బల్లికి మీసం కనబడతదా? ఇంకోటి వెయ్."

నాలుగో లైటు వెనక వేలు పెట్టారో లేదో, లోపలి నుంచి మెత్తగా ఏదో జారి బకెట్‌లో టప్పున పడింది. నిజమైన బల్లి.

హరికిషన్ ఫ్యాను డబ్బాల వెనక్కి దూకాడు. షెకీనా కెవ్వుమంది. కళ్లు తెరిచేసరికి కౌంటర్ మీద నిలబడి ఉంది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

యేసురాజు గారు వంగి, బల్లిని దోసిట్లోకి తీసుకున్నారు. "బెదిరినవా నాన్నా" అని దాన్ని బుజ్జగిస్తూ బయటికి నడిచి, మెట్ల గోడ మీద వదిలి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

హరికిషన్ డబ్బాల వెనక నుంచి తల బయటపెట్టాడు. "సార్... భయమంటిరి?"

"ఉంటది. ఒక్కోపాలి ఉండదు." కౌంటర్ వైపు చూడకుండానే పీటను దాని పక్కకు జరిపారు, కోడలు దిగడానికి. "సీలింగ్ లోపటికి పోయే లైట్లు చూపియ్. చీమ సుత దూరొద్దు."

వాటి కిందా స్నానం చేశాకే కొన్నారు.

ఆటో ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఆగింది. షెకీనా మామగారి వైపు తిరిగింది.

"మామయ్యా, మీకు ముందే తెలుసా?"

"ఏంది?"

"నా భయం సంగతి. మరి భయం మీకని ఎందుకు చెప్పారు? ఆ దుకాణమతను రేపు సందంతా చెప్పి నవ్వుతాడు."

"నవ్వనీ. మంచం దుకాణపోళ్లు ఇంకా నవ్వుతున్నరు, వీళ్లు సుత కలుస్తరు."

కార్ఖానాలో ఇంటి ముందు ఆటో ఆగింది. యేసురాజు గారు బకెట్‌తో దిగి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించారు.

"కొత్తింట్ల గొడుగు కింద తానం చేసే తక్లీఫ్ ఉండదు గదా బిడ్డా, ఆడికి పోంగనే నా గొడుగు నాకు ఇచ్చెయ్. ఎండల తిరగలేక చస్తున్న."