కుర్చీ ఇటు తిప్పుకునే మనిషి

కొత్త కార్పెట్ కింద పూసిన జిగురు వాసన నాకు ఇప్పటికీ పడదు. పోయిన వారం మా కంపెనీ ఇంకో అంతస్తు అద్దెకు తీసుకుంది, నాకు అప్పగించబోయే కొత్త టీమ్ కోసం. తలుపు తీయగానే ఆ వాసన, మనుషులింకా చేరని గదిలో ఏసీ చల్లదనం, ప్లాస్టిక్ తొడుగులు విప్పని కుర్చీలు. అక్కడే నిలబడి ఆ టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలో మాట్లాడుకున్నాం. "ఫ్రెషర్లు వద్దు సర్. వాళ్ల డౌట్లు తీర్చడానికే సీనియర్ల టైమంతా పోతుంది" అన్నాడు నాకంటే బాగా చిన్నవాడైన ఒక మేనేజరు. తానూ ఒకప్పుడు ఎవరి టైమో తినే ఇక్కడిదాకా వచ్చానన్న సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. ముక్కులో అదే జిగురు, చెవుల్లో అదే మాట. ఇరవై ఏళ్లు దాటినా మాట మారలేదు. అప్పట్లో దానికి ఎదురు నిలిచిన మనిషి వసుంధర గారు. ఈ అద్దాల భవనాల్లో ఆవిడ ఎవరో తెలిసినవాళ్లు లేరు. ఆ తెలియకపోవడం మీదే నాకు కోపం. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర నేను బాలానగర్‌లో యంత్రభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో, స్టోర్స్ విభాగంలో పనిచేసేవాణ్ణి. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. లెక్క తేలకపోతే మాత్రం నాకు అన్నం సహించేది కాదు. ఫ్యాక్టరీకి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్ ముందు భోజనాల వేళ కూర్చుని, అట్టలు ఊడిన పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. తప్పు ఎక్కడుందో యంత్రమే చెప్పాలి, అదీ దానికి తోచిన భాషలో. అలాంటి రోజుల్లో, మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మనుషులను తీసుకుంటోందని విని వెళ్లాను. బస్సు దిగాక చుట్టూ రాళ్లగుట్టలు, వాటి మధ్య ఎర్రమట్టి, ఇంకా సిమెంటు ఆరని భవనాలు. మధ్యాహ్నం పూట గుట్టలు పేల్చేముందు సైరన్ మోగేది. ఆ తర్వాత కిటికీ అద్దాలు ఒకసారి వణికేవి.

కొత్త కార్పెట్ జిగురు ఘాటు ఇంకా పోని ఇంటర్వ్యూ గదిలో వసుంధర గారు ఒక్కరే ఉన్నారు. అనంతపురం మనిషి. నలభై దాటి ఉంటాయి. నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం. నా ముందు ఒక ప్రోగ్రాము కాగితం పెట్టి, "ఇందులో ఏదో తేడా ఉందప్పా. నన్ను ఏం కావాలన్నా అడగొచ్చు" అని పక్కకు తిరిగి తన పని చూసుకోసాగారు. నేను కాసేపు చదివాను. అడగాలంటే భయం. మా బళ్లల్లో లేచి ప్రశ్న అడిగితే, అర్థం కాని మొద్దు అని అందరిముందూ పేరు పడేది. అయినా ఆగలేక, "మేడమ్, ఈ ప్రోగ్రామును రోజూ వాడేది ఎవరండీ?" అని అడిగాను. ఆవిడ పని ఆపి, కుర్చీ మొత్తం నా వైపు తిప్పుకుని కూర్చున్నారు. తల ఒక్కటే తిప్పడం కాదు, కుర్చీతో సహా మనిషంతా తిరిగారు.

"పొద్దుట్నించీ వచ్చినోళ్లంతా జవాబులే చెప్పినారు. ఒక్కరూ ఈ మాట అడగలేదు" అన్నారు.

"నాకు డిగ్రీ లేదండీ" అన్నాను, ముందే చెప్పేస్తే మంచిదని.

"అది నేను అడిగితే చెప్పు. ఇప్పుడు నువ్వు అడుగుతాండావు, నేను చెప్తాండాను. కూర్చో."

ఆవిడ మనుషులను తీసుకున్న పద్ధతి అదొక్కటే. అడిగినవాళ్లను తీసుకున్నారు. అలా మా టీమ్‌లో నాతో కలిపి ఆరుగురం చేరాం. అందరికంటే చిన్నది రజిత. జనగామ వైపు అమ్మాయి, మదీనాగూడలో మేనమామ ఇంట్లో ఉండి వచ్చేది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉద్యోగం ఖాయమైతే సరి, లేకపోతే ఊరికి వచ్చేయమని ఇంట్లోవాళ్లు ముందే చెప్పి పంపారు. ఆ సంగతి మొదటి వారంలోనే మాకందరికీ తెలిసింది. చాయ్ తాగడానికి రేకుల కొట్టు దగ్గరికి వెళ్లినప్పుడు రజితే నవ్వుతూ చెప్పింది: "నాకు ఆరు నెల్లే టైమిచ్చిండ్రన్నా. గందులనే మీ అందరి బుర్రలు తినాలె."

వసుంధర గారు మాకు ఒకే ఒక్క కట్టడి పెట్టారు. మీకంటే తక్కువ తెలిసినవాళ్లు వచ్చి పక్కన నిలబడితే, చేతిలో ఎంత పనున్నా కుర్చీ వాళ్ల వైపు తిప్పాలి. తెర మీద చూపు ఉంచి, భుజం మీదుగా జవాబు విసరకూడదు. మొదట్లో మాకిది నవ్వులాటగా ఉండేది. చక్రాల కుర్చీల్లో గిర్రున తిరిగి "చెప్పండి, చెప్పండి" అనుకునేవాళ్లం. నెల తిరిగేసరికి నవ్వు పోయి అలవాటు మిగిలింది. తిరిగి కూర్చుంటే అవతలివాళ్ల మొహం కనిపిస్తుంది. జవాబు అర్థమైందా, అర్థమైనట్టు తల ఊపుతున్నారా అన్నది మొహం చూస్తేనే తెలుస్తుంది.

మా మీద మేనేజరు ప్రసాదరావు గారు. గోదావరి జిల్లాల మర్యాద. గుమాస్తాను కూడా 'అండి' అనకుండా పిలిచేవారు కాదు. ఆ మర్యాదతోనే ఎంత అన్యాయమైనా చేయగలిగేవారు. ఆ రోజుల్లో చాలాచోట్ల నడిచిన పద్ధతి ఒకటి మా దగ్గరా నడిచింది. నిన్న చేరిన పిల్లలను అవతలి దేశపు కంపెనీకి మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లని చెప్పి పనిలో చూపించేవారు. కాబట్టి మేము వాళ్లతో మాట్లాడకూడదు. వారానికోసారి జరిగే ఫోన్ సమావేశంలో స్పీకర్ చుట్టూ నోరు మూసుకుని కూర్చోవాలి. ఏదైనా అడిగామా, అడిగిన తీరులోనే మా వయసు బయటపడుతుంది. చెప్పిన అబద్ధం మా పైవాళ్లది. మూసుకోవలసిన నోరు మాది.

మా పని ఇంగ్లండులోని ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాములను రెండు వేల సంవత్సరానికి సిద్ధం చేయడం. ఆ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండు అంకెలే ఉండేవి. రెండువేలు రాగానే సున్నాసున్నా అంటే పందొమ్మిది వందలని యంత్రం పొరబడుతుంది. దానికి మాకిచ్చిన సూత్రం ఒకటే: యాభై కంటే తక్కువ అంకె ఉంటే ముందు ఇరవై చేర్చు, లేకపోతే పందొమ్మిది చేర్చు. రజితకు వచ్చిన ఫైలులో తేదీ ఉన్న చోట పేరుకు బదులు మూడు పొడి అక్షరాలున్నాయి. అది ఏ తేదీ? పాలసీ తీసుకున్నదా, ముగిసేదా, ఇంకేదైనా? రజిత నన్ను అడిగింది, నాకు తెలియలేదు. వసుంధర గారిని అడిగింది. ఆవిడ, "ఇది వాళ్లనే అడగాల" అని ప్రసాదరావు గారికి పంపారు. టీమ్ సమావేశంలో అందరిముందే ఆయన దాన్ని కొట్టేశారు.

"చూడండి మేడమ్ గారూ, మూడేళ్ల అనుభవం ఉన్న మనిషి ఇలాంటి ప్రశ్న అడుగుతుందాండీ? ఇది పంపితే మన పరువేం కాను? ఆ అమ్మాయినే ఆలోచించుకోమనండి. ఇలా డౌట్లు తీర్చుకుంటూ కూర్చుంటే టైమంతా పోతుంది, ఇక్కడ మనం బడి పెట్టలేదండి."

"ఆలోచిస్తే తెలిసేది కాదు సార్ ఇది. తెలిసినోళ్లు చెప్తేనే తెలుస్తాది."

"సూత్రం ఇచ్చాం కదండీ. వాడమనండి."

రజిత వాడింది. పరీక్ష కోసం అవతల యంత్రంలో తేదీని రెండువేలకు మార్చి ఆ ప్రోగ్రామును నడిపి చూశారు. ఆ మూడక్షరాలకు అర్థం పుట్టిన తేదీ. ముప్పై ఎనిమిదిలో పుట్టిన పెద్దమనిషి రెండు వేల ముప్పై ఎనిమిదిలో పుట్టినట్టు తేలాడు. అతని వయసు మైనస్ ముప్పై ఎనిమిది. పింఛను అందవలసిన ముసలివాళ్లంతా ఇంకా పుట్టనివాళ్లయి జాబితాలోంచి ఎగిరిపోయారు. ఇదంతా పరీక్షే. ఎవరి పింఛనూ ఆగలేదు. తప్పులు బయటపడాలనే పరీక్ష పెట్టేది. అయినా ఆ మధ్యాహ్నం ప్రసాదరావు గారు మా గదిలోకి వచ్చి, గొంతు పెంచకుండానే, "అమ్మా రజిత గారూ, రేపటి కాల్ అయ్యాక హెచ్ఆర్ వాళ్లను కలవండి" అని వెళ్లిపోయారు. అంటే ఉద్యోగం పోయినట్టే. ప్రొబేషన్‌లో ఇంకా నెల మిగిలే ఉంది.

రజిత ఏడవలేదు. "అడిగితే ఎందుకడిగినవంటరు, అడగకుంటే ఎందుకడగలేదంటరు. ఇగ నేనేం జెయ్యాలన్నా?" అంది. నేను లెక్క వేసి చూశాను. అదే తీసుకుని వసుంధర గారితో పాటు ప్రసాదరావు గారి గదికి వెళ్లాను. ఆ ప్రశ్న పంపి ఉంటే పోయేది ఒక్క నిమిషమనీ, పంపనందుకు ఇప్పుడు ఆరుగురం కలిసి వారాల పని మళ్లీ చేయాలనీ, టైము తింటున్నది ప్రశ్నా, ప్రశ్నను ఆపడమా అన్నది ఆయననే తేల్చమనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "మీ లెక్క కరెక్టేనండి భాస్కర్ గారూ. కానీ క్లయింటుకు ఎవరో ఒకరిని చూపించాలి కదండీ" అన్నారు. లెక్క తప్పంటే వాదించేవాణ్ణి. ఒప్పని ఒప్పుకుని కూడా ఆ పిల్లను బలిపెడతానన్న మనిషితో ఏం వాదిస్తాం?

మర్నాడు మధ్యాహ్నం కాల్. బల్ల మధ్యలో స్పీకర్ ఫోను, చుట్టూ మేము. అవతల ఆ బీమా కంపెనీలో ఆ ప్రోగ్రాములను చాలాకాలంగా చూస్తున్న ఒక పెద్దావిడ. ప్రసాదరావు గారు చక్కని ఇంగ్లీషులో, ఒక వ్యక్తి అజాగ్రత్త వల్ల తప్పు జరిగిందనీ, ఆ వ్యక్తిని పని నుంచి తప్పిస్తున్నామనీ చెప్పారు. రజిత తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది. అప్పుడు వసుంధర గారు ముందుకు వంగి, "ఆ అమ్మాయి అజాగ్రత్తగా లేదు. ఆమె పనిలో చేరి అయిదు నెలలే అయింది. ఆ తేదీ ఏమిటని అడిగింది. ఆ ప్రశ్నను మీ దాకా రానివ్వనిది మేము" అని ఇంగ్లీషులోనే, ఒక్కో మాటా విడివిడిగా, అన్నారు. అయిదు నెలలు అన్న చోట ప్రసాదరావు గారి చెయ్యి ఫోను మీదికి వెళ్లి, ఆగిపోయింది.

అవతలి నుంచి ఆ పెద్దావిడ, "ఆమె అక్కడుందా? ఇంకేమైనా అడగాలనుకుంటోందా?" అంది.

వసుంధర గారు ఫోనును బల్ల మీద జరిపి రజిత వైపు తిప్పారు, రోజూ కుర్చీ తిప్పినట్టే. "అడుగమ్మా. నీ ప్రశ్న నువ్వే అడుగు."

రజిత తన నోటు పుస్తకం తెరిచింది. ఆ ఫైలు గురించి అడిగింది, తర్వాత ఇంకో రెండు ఫైళ్ల గురించి అడిగింది. జవాబులు చకచకా వచ్చాయి. ఆ రెండింట్లోనూ అదే తప్పు జరగబోతోందని అప్పుడు తెలిసింది. చివర్లో ఆ పెద్దావిడ, "ఇన్ని నెలలుగా మీ వైపు నుంచి ప్రశ్నలే రాకపోతే మీకన్నీ తెలుసేమో అనుకున్నాను, నిజానికి కొంచెం భయపడ్డాను. వచ్చేవారం కూడా ఈమెనే మాట్లాడమనండి" అంది.

దాంతో రజిత ఉద్యోగం నిలిచింది. క్లయింటే కావాలని అడిగిన మనిషిని ఎవరూ తీసేయలేరు. నేనిక్కడ ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది. కానీ జరిగింది అది కాదు.

"మన పరువు మనమే బజారుకెక్కించాం కదండీ" అన్నారు ప్రసాదరావు గారు, అంతే మర్యాదగా. మూడు వారాలు తిరక్కుండా వసుంధర గారిని టీమ్ నుంచి తప్పించి 'బెంచి' మీద వేశారు. అంటే జీతం ఇస్తారు, పని ఇవ్వరు. జిరాక్స్ మిషను పక్కన, గోడకు ఎదురుగా ఒక బల్ల. మేము అక్కడికే వెళ్లి అడిగేవాళ్లం. ఆవిడ గోడ వైపు నుంచి కుర్చీ తిప్పుకుని చెప్పేవారు. అటు వెళ్లకూడదని మాకు మెయిల్ వచ్చింది. రజిత మాత్రం, "జిరాక్సు తీసుకుంటానికి గూడ పర్మిషన్ గావాల్నా?" అని రోజూ ఒక తెల్లకాగితం పట్టుకుని వెళ్లేది. చివరికి ఆవిడే రాజీనామా చేశారు. ఆ ఏడాది వార్షికోత్సవంలో మా టీమ్‌కు బహుమతి వచ్చింది. ప్రసాదరావు గారు వేదికెక్కి, చిన్నవాళ్లకు అవకాశమివ్వడం తమ సంస్థ సంప్రదాయమని చెప్పి, జ్ఞాపిక అందుకున్నారు. ఆయన చదివిన పేర్లలో వసుంధర గారి పేరు లేదు. మేము ఆరుగురం చప్పట్లు కొట్టలేదు. హాలు నిండా చప్పట్లుంటే ఆరుగురి మౌనం ఎవరికి వినిపిస్తుంది?

ఆవిడ వెళ్లిపోయే రోజు గేటు దాకా వెంట నడిచాను. నా కోపమంతా వెళ్లగక్కాను. ఆవిడ గుట్టలు పేల్చే సైరన్ మోగుతుంటే ఆగి, మోత అయిపోయేదాకా ఉండి అన్నారు: "కోపం ఉండనీప్పా, అది లేకుంటే వీళ్లు మారరు. ఎవరి మీద చూపిస్తాండావో మాత్రం చూసుకో. పైకి చూపించు. నీ పక్కకొచ్చి నిలబడిన పిల్లోళ్ల మీద చూపించొద్దు."

ఆ తర్వాత ఆవిడ అనంతపురం వెళ్లి ఒక కాలేజీలో చేరారని విన్నాను. నాలుగైదు ఉత్తరాలు నడిచాయి, ఆగిపోయాయి. రజిత ఇప్పుడు వేరే కంపెనీలో పెద్ద టీమ్ నడుపుతోంది. మాట్లాడినప్పుడల్లా, "కుర్చీ తిప్పుతున్నవా అన్నా?" అని అడుగుతుంది.

పోయిన వారం ఆ జిగురు వాసనలో నిలబడి ఆ చిన్న మేనేజరుకు నేను చెప్పింది పెద్ద మాటేం కాదు. ఫ్రెషర్లు లేకపోతే ఈ టీమ్ నాకొద్దన్నాను. అతను మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. నిన్న నా గదిలో కూర్చుని ఆ విషయమే పైవాళ్లకు ఘాటుగా రాస్తుంటే, వెనక ఎవరో వచ్చి నిలబడిన అలికిడైంది. కొత్తగా చేరిన అబ్బాయి. మూసిన లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, "బిజీగా ఉన్నారా సర్, తర్వాత రానా?" అన్నాడు. నా వేళ్లలో కోపం ఇంకా చల్లారలేదు. మెయిల్ సగంలో వదిలేసి, కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను.

"అడుగు" అన్నాను.